చేతి తుపాకులు: ధర, విలువ, మార్కెటింగ్

ఒక చేత్తో పట్టుకుని కాల్చడానికి వీలుగా చేసిన పొట్టి తుపాకులను చేతి తుపాకులు అంటారు. తిరిగే సిలిండర్‌లో తూటాలు నింపేది రివాల్వర్. పిడిలోకి దూర్చిన మ్యాగజీన్ నుంచి ఒక్కో తూటా దానంతట అదే పైకి వచ్చేది పిస్టల్. వీటి తయారీదారులు ధర ఎలా నిర్ణయిస్తారు, ఆ ధరకు తగ్గ విలువ ఉందని కొనేవారిని ఎలా ఒప్పిస్తారు, ఎవరికి ఏమని చెప్పి అమ్ముతారు అన్న ప్రశ్నలు వ్యాపారంతో పాటు చట్టాన్నీ ప్రజారోగ్యాన్నీ కూడా తాకుతాయి. భారతదేశంలో దొరికే జవాబులు అమెరికాలో దొరికే జవాబులకు దాదాపు తలకిందులుగా ఉంటాయి. అక్కడ సరుకే కొనేవారిని వెతుక్కుంటూ వెళ్తుంది. ఇక్కడ ప్రభుత్వం అనుమతించిన కొద్దిమంది సరుకు కోసం బారులు తీరుతారు.

ఉక్కు ధర, తుపాకీ ధర

విశాఖపట్నంలో చేతి తుపాకుల కర్మాగారం లేదు. తూర్పు నౌకాదళ కేంద్రం, నీటి అడుగు ఆయుధాలు తయారుచేసే భారత్ డైనమిక్స్ యూనిట్, వాటిపై పరిశోధన చేసే ఎన్‌ఎస్‌టీఎల్ ఇక్కడ ఉన్నాయి. ఇది పెద్ద ఆయుధాల ఊరే గాని చిన్న ఆయుధాల ఊరు కాదు. అయినా తుపాకీ ధరలోని మర్మం అర్థం కావడానికి ఈ ఊరు మంచి చోటు. ఇక్కడివాళ్లకు ఉక్కు ధర తెలుసు.

విశాఖ ఉక్కు కర్మాగారం చేసే కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్ టన్నుల లెక్కన అమ్ముడుపోతాయి. ఇంటి శ్లాబుకు వాడే టీఎంటీ కడ్డీ కిలో వంద రూపాయల లోపే. కాన్పూర్‌లో తయారై 2023 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన ‘ప్రబల్’ రివాల్వర్ బరువు తూటాలు కాకుండా 675 గ్రాములు. విడుదలైనప్పుడు దాని ధర సుమారు లక్షా నలభై వేల రూపాయలు. తుపాకీ గొట్టానికి ఇళ్ల కడ్డీ పనికిరాదు నిజమే. క్రోమియం, మాలిబ్డినం కలిపిన మిశ్రమ ఉక్కు కావాలి, అది ఎన్నో రెట్లు ఖరీదు. అలా చూసుకున్నా ఆ రివాల్వర్‌లోని లోహం ఖరీదు వందల రూపాయల్లో తేలుతుంది. ధరలో ఒక్క శాతం కూడా కాదు.

మిగిలినదాంట్లో కొంత పనితనం. గొట్టం లోపల మెలికల గాడులు తీయాలి, భాగాలను వేడిచేసి గట్టిపరచాలి, మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా రాకుండా ఒకదానికొకటి అమర్చాలి, మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాలతో కాల్చి పరీక్షించాలి. అయితే ఈ పనులన్నీ కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రాలున్న ఏ మంచి ఇంజినీరింగ్ కర్మాగారానికైనా చేతనైనవే. కారు ఇంజన్ బ్లాకు కోసే యంత్రం తుపాకీ బాడీ కూడా కోస్తుంది. కాబట్టి పనితనం కూడా మొత్తం ధరకు కారణం చెప్పదు. పన్ను పోను మిగతాది మూడు చోట్ల నుంచి వస్తుంది: లైసెన్సు సృష్టించే కొరత, బ్రాండు పేరు, మనిషిలోని భయం. ఏ దేశంలో ఏది ఎక్కువ పనిచేస్తుందో చూస్తే ఆ దేశపు తుపాకీ మార్కెట్టు అర్థమవుతుంది.

కోల్ట్ నేర్పిన అమ్మకం

ఈ వ్యాపారానికి మార్కెటింగ్ నేర్పినవాడు అమెరికాకు చెందిన శామ్యూల్ కోల్ట్. 1836లో రివాల్వర్‌కు పేటెంటు తీసుకున్నాడు. న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో పెట్టిన మొదటి కంపెనీ 1842లో మూతపడింది. సరుకు బాగానే ఉన్నా ధర ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. 1847లో మెక్సికో యుద్ధం కోసం సైన్యం నుంచి ఆర్డరు రావడంతో మళ్లీ నిలదొక్కుకున్నాడు. ఆ అనుభవంతో అతను అనుసరించిన పద్ధతులు ఈనాటికీ మారలేదు.

రాజులకు, సేనాపతులకు, మంత్రులకు బంగారు నగిషీ చెక్కిన పిస్టళ్లు బహుమతిగా పంపేవాడు. చిత్రకారుడు జార్జ్ కాట్లిన్ చేత తన తుపాకులు కనబడే వేట దృశ్యాలు గీయించాడు. 1851లో లండన్ మహా ప్రదర్శనలో వరసలుగా పేర్చి చూపించాడు. ఒక తుపాకీ భాగం ఇంకో తుపాకీకి సరిపోయేలా యంత్రాలతో చేయడం వల్ల ఖర్చు తగ్గింది. చేత్తో ఒక్కొక్కటీ మలిచే బ్రిటిష్ పనివాళ్లు ఆ వేగాన్ని అందుకోలేకపోయారు. కానీ ఖర్చు తగ్గినంతగా ధర తగ్గలేదు. 1857 వరకు పేటెంటు అడ్డుగోడగా ఉంది. అమెరికా అంతర్యుద్ధం మొదట్లో కోల్ట్ కంపెనీ ఒక్కో రివాల్వర్‌కు ప్రభుత్వం దగ్గర 25 డాలర్లు తీసుకుంది. రెమింగ్టన్ వంటి పోటీదారులు చాలా తక్కువకు ఇస్తామన్నాక ఆ ధరను బాగా దించక తప్పలేదు. పోటీ లేనప్పుడు ధరకు ఖర్చుతో సంబంధం ఉండదన్న సంగతి ఈ పరిశ్రమ పుట్టుకలోనే బయటపడింది.

గ్లాక్, సిగ్ సావర్: పోలీసు నుంచి పౌరుడికి

ఇరవయ్యో శతాబ్దం చివర ఈ వ్యాపారాన్ని మలుపు తిప్పినది ఆస్ట్రియాకు చెందిన గాస్టన్ గ్లాక్. తుపాకుల తయారీలో ముందు అనుభవం లేని ఆయన చేసిన గ్లాక్ 17 పిస్టల్‌ను ఆస్ట్రియా సైన్యం 1982లో ఎంచుకుంది. బాడీ పాలిమర్‌తో చేసినది. ఉక్కు దిమ్మెను గంటల తరబడి కోయనక్కర్లేదు, అచ్చులో పోసి తీయవచ్చు. భాగాలు కూడా తక్కువ. తయారీ ఖర్చు ఇలా పడిపోయినా అమ్మకం ధర మాత్రం లోహపు పిస్టళ్లకు దగ్గరగానే ఉంచారు. మధ్యలో మిగిలినదే గ్లాక్ సంపద.

అమెరికాలో కంపెనీ ముందు పోలీసు శాఖల తలుపు తట్టింది. పాత రివాల్వర్లు ఇచ్చేస్తే వాటి విలువ మినహాయించి కొత్త పిస్టళ్లు ఇచ్చింది. కొన్ని చోట్ల ఊరి ఖజానా నుంచి దాదాపు పైసా తీయకుండానే శాఖ మొత్తం ఆయుధాలు మారిపోయాయి. పోలీసు నడుముకు ఉన్నదే తనకూ కావాలనే పౌరుడు దుకాణంలో పూర్తి ధర చెల్లించాడు. పోలీసులకు ప్రత్యేక తగ్గింపు ధర ఇచ్చే పద్ధతి నేటికీ ఉంది. కంపెనీకి అది ప్రకటన ఖర్చుతో సమానం.

సైనిక కాంట్రాక్టు ఇంకా పెద్ద ప్రకటన. 2017 జనవరిలో అమెరికా సైన్యం కొత్త పిస్టల్‌గా సిగ్ సావర్ కంపెనీ పీ320ని ఎంచుకుంది. గ్లాక్ అభ్యంతరం చెబితే ప్రభుత్వ ఆడిట్ సంస్థ ఇచ్చిన నిర్ణయంలో ధరలు బయటికి వచ్చాయి. సిగ్ మొత్తం ధర సుమారు 16.9 కోట్ల డాలర్లు, గ్లాక్ ధర సుమారు 27.2 కోట్ల డాలర్లు. పది కోట్ల డాలర్ల తేడా. సైన్యం దగ్గర లాభం వదులుకున్న కంపెనీకి, సైన్యం వాడే పిస్టల్ అన్న ముద్ర దుకాణాల్లో అంతకంత రాబడుతుంది.

చట్టం కూడా ధరను పెంచగలదు. 1994లో అమెరికా పదికి మించి తూటాలు పట్టే కొత్త మ్యాగజీన్ల అమ్మకాన్ని పౌరులకు నిషేధించింది. అప్పటికే తయారై ఉన్న పాత మ్యాగజీన్లకు మినహాయింపు ఇచ్చింది. వాటి ధరలు ఎగబాకాయి. పది తూటాలే పట్టాలంటే పెద్ద పిస్టల్ ఎందుకని తయారీదారులు జేబులో ఇమిడే చిన్న పిస్టళ్లు దింపారు. నిషేధం ఒక కొత్త సరుకు వర్గాన్నే పుట్టించింది. చట్టం లేకుండా కూడా కొరత పుట్టవచ్చు. కోల్ట్ పైథాన్ రివాల్వర్ తయారీ 2005లో ఆగిపోయాక వాడేసిన పైథాన్ల ధరలు చాలా పెరిగాయి. 2020లో కంపెనీ అదే పేరుతో కొత్త నమూనాను 1,499 డాలర్లకు తెచ్చింది. పేరుకు ఎంత ధర పలుకుతుందో పాత సరుకు మార్కెట్టే ఆ కంపెనీకి ముందుగా చెప్పేసింది.

పేరు పోతే ఏమవుతుందో అమెరికా తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెసన్ చూసింది. 1987లో బ్రిటిష్ సంస్థ టాంకిన్స్ దాన్ని 11.25 కోట్ల డాలర్లకు కొన్నది. 2000లో క్లింటన్ ప్రభుత్వంతో తుపాకుల భద్రత, అమ్మకాల విషయంలో ఒప్పందం చేసుకోవడంతో తుపాకీ అభిమానులు ఆ కంపెనీని వెలివేశారు. మరుసటి ఏడాది టాంకిన్స్ దాన్ని కోటిన్నర డాలర్లకు వదిలించుకుంది. యంత్రాలు అవే, పనివాళ్లు వాళ్లే. కొనేవాళ్ల విధేయత ఒక్కటే పోయింది.

భయం అమ్మడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వేట తగ్గి, రహస్యంగా తుపాకీ వెంట ఉంచుకునేందుకు రాష్ట్రాలు అనుమతులు సులభం చేస్తున్నకొద్దీ (1987 నాటి ఫ్లారిడా చట్టం ఇందులో ముఖ్యమైనది) ప్రకటనల్లో అడవి పోయి ఇల్లు వచ్చింది, దొంగ వచ్చాడు, ఒంటరి స్త్రీ వచ్చింది. స్మిత్ అండ్ వెసన్ 1989లో స్త్రీల కోసం ‘లేడీస్మిత్’ రివాల్వర్లు తెచ్చింది. పావు శతాబ్దం తర్వాత ఇదే ఆలోచన కాన్పూర్ చేరింది.

భారతదేశం: లైసెన్సు చుట్టూ తిరిగే మార్కెట్టు

లార్డ్ లిట్టన్ కాలంలో వచ్చిన 1878 నాటి ఆయుధ చట్టం భారతీయులకు తుపాకీని అనుమతితో మాత్రమే దొరికే వస్తువుగా మార్చింది. ఆ చట్టం కింద తుపాకీకి ఉన్న అసలు విలువ ఏమిటో విశాఖ మన్యం చూపించింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడిచేసింది. తీసుకెళ్లింది డబ్బు కాదు, 26 తుపాకులూ 2,500కు పైగా తూటాలూ. మార్కెట్లో కొనే దారి లేని జనానికి వాటి వెల రూపాయల్లో ఉండదు. ఏజెన్సీ గ్రామాల్లో పంట కాపలాకూ వేటకూ నాటు తుపాకులు చేసుకునే అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోలీసులు వాటిని అప్పగించమని అడుగుతూనే ఉంటారు.

స్వతంత్ర భారతదేశంలో 1959 ఆయుధ చట్టం, 2016 ఆయుధ నిబంధనలు ఈ రంగాన్ని నడిపిస్తున్నాయి. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం వంటి బోర్లు (గొట్టం లోపలి కొలతలు) పౌరులకు నిషిద్ధం. పౌరులకు దొరికే చేతి తుపాకుల్లో ఎక్కువగా కనబడేవి .32 బోరు, .22 బోరు. 2019 సవరణతో ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. విశాఖ నగరంలో లైసెన్సు ఇచ్చే అధికారి పోలీసు కమిషనర్. ప్రాణహాని ఉందని చూపించాలి, పోలీసు విచారణ, వైద్య ధ్రువపత్రం, తుపాకీ వాడకంలో శిక్షణ, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు కావాలి. ఇన్ని మెట్లు ఎక్కి వచ్చిన మనిషి దుకాణంలో అయిదు వేలు తక్కువని ఇంకో తుపాకీ చూడడు. తయారీదారుకు ఈ సంగతి తెలుసు. లైసెన్సు చేతిలో ఉన్న కొనుగోలుదారు ధరకు పెద్దగా వెనకాడడు కాబట్టి ధర తగ్గించాల్సిన ఒత్తిడి తయారీదారు మీద పడదు.

దశాబ్దాల పాటు తయారీదారు కూడా ఒక్కరే, ప్రభుత్వం. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు సైన్యానికి లాభనష్టాలు లేని పద్ధతిలో, అయిన ఖర్చు లెక్కగట్టి ఆయుధాలు ఇచ్చేవి. పౌరులకు అమ్మే రివాల్వర్ల మీద మాత్రం లాభం వేసుకునేవి. 1980ల మధ్యలో పౌరులకు తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో ఆ గుత్తాధిపత్యం సంపూర్ణమైంది. కాన్పూర్ .32 రివాల్వర్ రూపురేఖలు బ్రిటిష్ వెబ్లీ మార్క్ 4 నుంచి వచ్చినవే. దశాబ్దాల నాటి ఆ నమూనాకు కూడా కొనేవాళ్లు క్యూ కట్టారు. దిగుమతి నిషేధానికి ముందు విదేశాల నుంచి వచ్చిన వాల్తర్, వెబ్లీ, కోల్ట్ పిస్టళ్లు చేతులు మారుతున్నకొద్దీ ధర పెరుగుతూ లక్షల్లోకి చేరాయి. వాటి యజమానులకు అవి నగల మాదిరి ఆస్తి అయ్యాయి. ఏ తయారీదారూ అనుకోని ఈ విలువను పుట్టించింది నిషేధమే.

2021 అక్టోబరు 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి, దాని 41 కర్మాగారాలు ఏడు ప్రభుత్వ కంపెనీలుగా మారాయి. చిన్న ఆయుధాలు కాన్పూర్ కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్‌కు వచ్చాయి. కంపెనీ అయ్యాక లాభనష్టాల ఖాతా చూపించాలి. సిలిండర్ పక్కకు తెరుచుకునే ‘ప్రబల్’ ఆ కొత్త ఒత్తిడిలో పుట్టినదే. 50 మీటర్ల దూరం వరకు పనిచేస్తుందని దాని ప్రచారంలో ముందు పెట్టారు. ఆత్మరక్షణకు తుపాకీ వాడే సందర్భాల్లో దూరం నాలుగడుగులే ఉంటుంది. అయినా అంకెలకు అమ్ముడుపోయే గుణం ఉంది.

‘నిర్భీక్’: ఒక విషాదం పేరుతో అమ్మకం

భారతదేశంలో చేతి తుపాకీ మార్కెటింగ్‌కు ఎక్కువగా చర్చకు వచ్చిన ఉదాహరణ ‘నిర్భీక్’. 2014 జనవరిలో కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ దీన్ని స్త్రీల కోసమని విడుదల చేసింది. .32 బోరు, టైటానియం మిశ్రమ లోహం, అర కిలో బరువు, నగల పెట్టెలా కనబడే ముదురు ఎరుపు పెట్టె. ధర 1,22,360 రూపాయలు. పేరు 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో సామూహిక అత్యాచారానికి బలైన యువతిని ‘నిర్భయ’ అని పిలిచిన దేశపు దుఃఖం నుంచి తీసుకున్నది.

ఆ ధర అప్పటి దేశ తలసరి వార్షికాదాయాన్ని మించింది. రాత్రి షిఫ్టు ముగించి బస్సెక్కే ఆడపిల్లకు అది అందే వస్తువు కాదు. అందినా లైసెన్సు రాదు, లైసెన్సు వచ్చినా చీకటి బస్సులో నలుగురు పైబడినప్పుడు సంచిలోంచి రివాల్వర్ తీసే వ్యవధి ఉండదు. తుపాకుల నియంత్రణ కోసం పనిచేసే బినాలక్ష్మి నెప్రమ్ వంటివారు అప్పుడే దీన్ని గట్టిగా విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనది. స్త్రీల భద్రత ప్రభుత్వ బాధ్యత. ఆ బాధ్యతను ఒక వస్తువుగా మార్చి, లక్షా ఇరవై రెండు వేలకు స్త్రీకే అమ్మజూపింది ప్రభుత్వ కర్మాగారం. బస్సులో తక్కువైన పోలీసు పహరాకూ, వెలగని వీధి దీపానికీ రివాల్వర్ బదులు కాదు.

తర్వాత ఇచ్చాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ‘నిడర్’ అనే .22 బోరు రివాల్వర్ తెచ్చింది. బరువు పావు కిలో, ధర సుమారు 35 వేలు. తేలిక, చవక, చిన్న బోరు. నిర్భీక్‌ను అందుకోలేని కొనుగోలుదారు కోసం వేసిన కింది మెట్టు ఇది. ఒకే కర్మాగార కుటుంబం ఖరీదైనదీ చవకైనదీ పక్కపక్కన పెట్టి ఆదాయాల వారీగా మార్కెట్టును పంచుకోవడం ఏ ప్రైవేటు తయారీదారుకూ తెలియని విద్య కాదు.

ప్రైవేటు కంపెనీల రాక

2016 నిబంధనలు ప్రైవేటు తయారీకి దారి తెరిచాయి. 2017 అక్టోబరులో కేంద్ర హోంశాఖ వాటిని మరింత సడలించింది. తయారీ లైసెన్సు కంపెనీ ఉన్నంతకాలం చెల్లేలా చేసింది. ఒక్కో తుపాకీకి 500 రూపాయల చొప్పున వేసే రుసుము తీసేసి, మొత్తం మీద 5,000 నుంచి 50,000 రూపాయల దాకా శ్లాబులు పెట్టింది.

మొదట వచ్చినవాళ్లు అమ్మింది పాత పేరునే. బర్మింగ్‌హామ్‌లో 1979లో తుపాకుల తయారీ ఆపేసిన వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో, లక్నోకు చెందిన సియాల్ గ్రూపు హర్దోయ్ జిల్లా సండీలాలో 2020లో .32 రివాల్వర్ తయారీ మొదలుపెట్టింది. ధర దాదాపు 1.6 లక్షలు. కాన్పూర్ రివాల్వర్, సండీలా రివాల్వర్ రెండూ ఒకే బ్రిటిష్ తల్లి పిల్లలు. రెండో దాని మీద వెబ్లీ అన్న అక్షరాలున్నాయి, ధరలో తేడాకు ఎక్కువ కారణం అదే. సండీలాను ఎంచుకోవడమూ యాదృచ్ఛికం కాదు. 2016 చివరికి దేశంలో ఉన్న 33.69 లక్షల ఆయుధ లైసెన్సుల్లో 12.77 లక్షలు ఒక్క ఉత్తరప్రదేశ్‌వే. తయారీదారు మార్కెట్టు నడిబొడ్డునే దుకాణం పెట్టాడు. తెలుగు రాష్ట్రాల పౌర మార్కెట్టు దాని ముందు చాలా చిన్నది.

తెలుగు నేల మీద తయారీ అందుకే పౌరుణ్ణి కాక ప్రభుత్వ దళాలను చూస్తోంది. దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌కు చెందిన లోకేశ్ మెషీన్స్. కార్ల పరిశ్రమకు సీఎన్‌సీ యంత్రాలు, ఇంజన్ భాగాలు చేసే ఈ కంపెనీ ‘అస్మి’ అనే 9 ఎంఎం మెషీన్ పిస్టల్‌ను తయారుచేస్తోంది. మౌ ఇన్‌ఫాంట్రీ స్కూలు, పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏఆర్‌డీఈ కలిసి నాలుగు నెలల్లో దాన్ని రూపొందించాయి. 2021 జనవరిలో రక్షణ శాఖ దాన్ని ప్రకటించినప్పుడు ముందుకు తెచ్చిన సంగతుల్లో ఒకటి తయారీ ఖర్చు: ఒక్కోటి 50 వేల రూపాయల లోపు అని. దిగుమతి చేసుకునే సబ్‌మెషీన్ గన్ల ఖరీదుతో పోల్చి చూడమన్నది అందులోని సందేశం. 2024లో సైన్యపు ఉత్తర కమాండ్ 550 అస్మి తుపాకులు తీసుకుంది. పౌరుడికి పరిధి, పేరు, నగల పెట్టె చూపిస్తారు. ప్రభుత్వ కొనుగోలుదారుకు ఖర్చు, స్వదేశీతనం, సరఫరా గడువు చూపిస్తారు. అస్మి రెండో భాష మాట్లాడింది.

అదే హైదరాబాద్‌లో మేఘా గ్రూపు సంస్థ ఐకామ్, అబుదాబిలోని ఎడ్జ్ గ్రూపుకు చెందిన కారకల్‌తో ఒప్పందం చేసుకుని చిన్న ఆయుధాల తయారీలోకి దిగింది. గ్వాలియర్ దగ్గర మాలన్‌పూర్‌లో పీఎల్‌ఆర్ సిస్టమ్స్ ఇజ్రాయెల్ ఐడబ్ల్యూఐ ఆయుధాలు, హిస్సార్‌లో జిందాల్ సంస్థ బ్రెజిల్ టారస్ ఆయుధాలు తయారుచేసే ఏర్పాట్లు చేసుకున్నాయి. వీటన్నిటికీ టెండరే బజారు. సాంకేతిక పరీక్షల్లో నెగ్గినవారిలో తక్కువ ధర చెప్పినవాడికి ఆర్డరు దక్కే పద్ధతిలో, ప్రకటనలకు పెట్టే డబ్బు కంటే పరీక్షల్లో ఆగిపోకుండా కాలే తుపాకీకే విలువ ఎక్కువ.

విశాఖలో చేతి తుపాకులు

విశాఖలో చట్టబద్ధంగా చేతి తుపాకీ పట్టుకునేవారిలో పౌరులు చాలా తక్కువ. నగర పోలీసులు, నౌకాదళం, ఉక్కు కర్మాగారాన్నీ ఓడరేవునూ కాపాడే సీఐఎస్ఎఫ్ ముఖ్యమైన వాడకందార్లు. వారి చేతిలో చాలాకాలం ఉన్నది ఇచ్చాపూర్ పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడాలో ఇంగ్లిస్ కంపెనీ చేసిన బ్రౌనింగ్ హై పవర్‌కు అది భారతీయ రూపం. ఇవి సర్కారు ఖాతాలో వచ్చే ఆయుధాలు కాబట్టి వీధిలో వాటి ప్రచారం కనబడదు. ఓడరేవుకు వచ్చే ఓడలో ఆయుధాలుంటే కెప్టెన్ వాటి వివరాలు కస్టమ్స్‌కు ముందే చెప్పి తీరాలి. లైసెన్సు ఉన్న వ్యాపారులు, నాయకులు ఎన్నికల నోటిఫికేషన్ రాగానే తమ తుపాకులు పోలీసు స్టేషన్‌లో జమచేయడం ఊళ్లో అందరికీ తెలిసిన దృశ్యం. ఆత్మరక్షణ కోసమని లక్షన్నర పోసి కొన్న వస్తువు, ఉద్రిక్తత పెరిగే ఆ నెలల్లోనే యజమాని ఇంట్లో ఉండదు. అలా ఉండకపోవడమే ఊరికి మంచిదని చట్టం భావిస్తుంది. ఆ తీర్పుతో విభేదించడం కష్టం.

క్రీడా పిస్టళ్ల లెక్క వేరు. 4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు ఆయుధ లైసెన్సు అవసరం లేదు. స్విట్జర్లాండ్ మోరిని, ఇటలీ పార్డిని, జర్మనీ వాల్తర్ వంటి కంపెనీలకు పతకాలే ప్రకటనలు. హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పిస్టల్ విభాగాల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. అలాంటి విజయం తర్వాత శిక్షణ కేంద్రాల్లో పిల్లలు అడిగేది ఛాంపియన్ చేతిలో చూసిన పేరే. ఇక్కడ మార్కెటింగ్ ఎవరికీ హాని చేయదు. తల్లిదండ్రుల జేబుకు మాత్రం భారమే.

పన్ను, అక్రమ మార్కెట్టు, ప్రాణాల లెక్క

ధరలో పన్ను వాటా పెద్దదే. అమెరికాలో పిస్టళ్లు, రివాల్వర్ల మీద పది శాతం ఎక్సైజు సుంకం ఉంది, ఆ డబ్బు వన్యప్రాణి సంరక్షణకు వెళ్తుంది. భారతదేశంలో రివాల్వర్లు, పిస్టళ్ల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది. లక్ష రూపాయల రివాల్వర్ మీద నలభై వేలు పన్ను. పొగాకు, పాన్ మసాలా వరసలో దీన్ని చేర్చడం ద్వారా ఇది ప్రోత్సహించదగిన సరుకు కాదని ప్రభుత్వం చెప్పినట్లయింది. ఆ సరుకు చేసే కర్మాగారాల్లో పెద్దది కూడా ప్రభుత్వానిదే.

చట్టబద్ధమైన తుపాకీ ఖరీదైనప్పుడు అక్రమ తుపాకీకి గిరాకీ ఉంటుంది. బీహార్‌లోని ముంగేర్ ఈ విషయంలో దేశమంతా తెలిసిన పేరు. పద్దెనిమిదో శతాబ్దంలో బెంగాల్ నవాబు మీర్ కాసిం అక్కడ ఆయుధాల తయారీ పెట్టించాడు. తరాలుగా వచ్చిన ఆ పనితనానికి చట్టబద్ధమైన ఆర్డర్లు తగ్గాక, కొంతమంది చేతులు నాటు పిస్టళ్ల వైపు తిరిగాయి. 2019 సవరణ అక్రమ తయారీకి శిక్షను యావజ్జీవం దాకా పెంచింది. పనివాడికి బతుకుతెరువు చూపించే భాగం మాత్రం చట్టంలో ఉండదు. అది ప్రభుత్వం వేరుగా చేయాల్సిన పని, ఇంకా పూర్తిగా చేయలేదు.

ఏ ధరల పట్టికలోనూ కనబడని లెక్క ఒకటుంది. అమెరికాలో 2021లో తుపాకీ గాయాలతో 48,830 మంది చనిపోయారు. వారిలో సగానికి పైగా ఆత్మహత్యలు. ఇంట్లో తుపాకీ ఉంటే ఆ ఇంటివాళ్లకే ముప్పు పెరుగుతుందని వైద్య పరిశోధనలు పదేపదే చూపించాయి. 2022లో రెమింగ్టన్ కంపెనీ బీమాదార్లు శాండీ హుక్ పాఠశాల కాల్పుల్లో చనిపోయినవారి కుటుంబాల్లో కొన్నిటికి 7.3 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నారు. ఆ కేసులో ఆయుధం రైఫిలే అయినా, కుటుంబాలు కోర్టుకు తెచ్చింది దాన్ని ప్రచారం చేసిన తీరును. తయారీలో లోపం మీద కాకుండా అమ్మిన మాటల మీద ఒక తుపాకీ కంపెనీ తరఫున డబ్బు కట్టాల్సి రావడం ఈ పరిశ్రమ చరిత్రలో పెద్ద మలుపు.

వారసులకు ఒక మాట

తుపాకీ లైసెన్సు ఆస్తిలా వారసత్వంగా రాదు. లైసెన్సుదారు చనిపోతే ఆ తుపాకీని ఇంట్లో ఉంచుకోవడం ఆనాటి నుంచే చట్టవిరుద్ధం అవుతుంది. 1959 చట్టం 21వ సెక్షన్ ప్రకారం దాన్ని దగ్గరి పోలీసు స్టేషన్‌లో గాని, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గాని ఆలస్యం చేయకుండా జమచేయాలి. కావాలనుకునే వారసులు సొంత లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా లైసెన్సున్న మరొకరికి అమ్మవచ్చు. గడువులోగా ఏదీ చేయకపోతే అది ప్రభుత్వపరం అవుతుంది. పాత విదేశీ పిస్టల్‌కు లక్షలు వస్తాయని బీరువాలో దాచిపెట్టిన కుటుంబాలు ఏవైనా ఉంటే, ముందు దాన్ని స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. ధర సంగతి తర్వాత డీలర్‌ను అడగవచ్చు.